హారిక పేరు తీసేసిన రోజు

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా కబుర్లు మొదలుపెడితే అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోయే మనిషిని నేను. భయమేసి వెళ్లేదాన్ని కాదు, విసుగొచ్చి వెళ్లేదాన్ని. మా నాన్న చర్చిలో సంఘపెద్దగా ఉండేవారు. మా ఇంట్లో ప్రార్థన ఉండేది గానీ దిష్టి తీయడాలు, తాయెత్తులు, ఫలానా వేళప్పుడు ఫలానా దారిలో నడవొద్దనడాలు ఉండేవి కావు. "పోయినవాళ్లు దేవుడి దగ్గరుంటారు, ఉన్నవాళ్లు పనిలో ఉండాలి" అనేవారాయన. నాకు ఆ మాట సరిపోయింది. నలభై దాటేదాకా సరిపోయింది.

నేను చెప్పబోయేది పోయినవాళ్ల సంగతి కూడా కాదు. అందుకే దీన్ని ఏమనాలో నాకు తెలియదు. ఇంతవరకు మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆయనకి కూడా సగమే చెప్పాను. మిగతా సగం చెప్పడానికి సిగ్గేసింది.

అమీర్‌పేటలో మెయిన్ రోడ్డు వెనకాల ఒక ప్రైవేటు మహిళా డిగ్రీ కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. నా పేరు సునీత. విద్యార్థుల రికార్డులన్నీ నా చేతుల మీదుగా నడుస్తాయి. చేరిన ప్రతి పిల్లకీ ఒక నంబరు ఇస్తాం. ఫొటో, ఆధార్, టెన్త్ మెమో, ఇంటర్ టీసీ, ఇంటి ఫోను, హాజరు, పరీక్షలు అన్నీ ఆ నంబరు కిందే ఉంటాయి. చదువు పూర్తయి టీసీ తీసుకుని వెళ్లేదాకా ఆ పిల్ల మాకు ఆ నంబరే.

పొద్దున వేలిముద్ర పడకపోతే ఇంటికి మెసేజ్ వెళ్తుంది. వరసగా రాకపోతే మేము ఫోన్ చేస్తాం. ఎవరూ ఎత్తక, ఎవరూ వచ్చి చెప్పక అలాగే సాగితే ఆ పేరు పక్కన 'డిస్‌కంటిన్యూడ్' అని పెడతాం. ఆఫీసులో దాన్ని పేరు తీసేయడం అంటాం. ఒకసారి పేరు తీసేస్తే ఆ పిల్ల వేలిముద్ర మిషన్ తీసుకోదు. పరీక్ష ఫీజు కట్టడానికి వీలుండదు. మళ్లీ చేర్చుకోవాలంటే యూనివర్సిటీ దాకా కాగితాలు నడవాలి.

మా చుట్టుపక్కలంతా కోచింగ్ సెంటర్లే. మా దగ్గర డిగ్రీలో పేరు రాయించుకుని, రోడ్డు దాటి ఏదో సాఫ్ట్‌వేర్ కోర్సులో కూర్చునే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. అడిగితే స్నేహితురాళ్లు వచ్చి "దానికి జ్వరం మేడం", "వాళ్ల తాత పోయాడు మేడం" అంటారు. ఒకమ్మాయి తాత నా సర్వీసులో ఎన్నిసార్లు పోయాడో. అలా వినీ వినీ నాకొక అలవాటైంది. జ్వరం అనగానే అబద్ధం అనుకోవడం. ఆ అలవాటును నేను అనుభవం అనుకునేదాన్ని.

పోయిన వానాకాలంలో కాలేజీకి ఇన్‌స్పెక్షన్ ఉందన్నారు. రాని పిల్లల పేర్లు ఒక్కటి కూడా రికార్డులో ఉండకూడదని ప్రిన్సిపాల్ గారు గట్టిగా చెప్పారు. నేను వరసగా రానివాళ్ల జాబితా తీశాను. అందులో బీకాం రెండో సంవత్సరం హారిక పేరు ఉంది. పేరు విన్నాను గానీ ఆ పిల్లతో నాకు పెద్ద పరిచయం లేదు. ఇంటి నంబరుకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఒక మగగొంతు "రాంగ్ నంబర్" అని పెట్టేసింది.

క్లాసులో అడిగించాను. హారిక పక్కన కూర్చునే స్వప్న అనే అమ్మాయి ఆఫీసుకి వచ్చింది. బోరబండ నుంచి వస్తుంది. మాటకారి పిల్ల.

"హారికకి డెంగీ వచ్చింది మేడం. పంజాగుట్టల దవాఖానల ఏసిండ్రు. మస్తు సీరియస్ ఉంది."

"కాగితాలేవి?"

"వాళ్లమ్మ దవాఖానలనే ఉంటుంది మేడం, ఇంటికి సుత పోతలేదు. కాగితం అంటే ఎట్ల అడగాలె?"

నేను సరే అని పంపించాను. నమ్మి పంపలేదు. ఇంకో నాలుగు రోజులు చూద్దామని పక్కన పెట్టానంతే.

ఆ నాలుగు రోజుల్లోనే అది జరిగింది. పట్టపగలు. మధ్యాహ్నం భోజనాల బెల్లు ఇంకా కొట్టలేదు. బయట వాన పడి ఆగింది. కౌంటర్ దగ్గర బోనఫైడ్ సర్టిఫికెట్ల కోసం వచ్చిన పిల్లల వరస అప్పుడే అయిపోయింది. నేను తల వంచుకుని సంతకాలు పెట్టిన కాగితాలకి స్టాంపు వేస్తున్నాను. "మేడం" అని వినిపించింది.

తలెత్తాను. గ్రిల్లు అవతల ఒకమ్మాయి. రెండు జడలు వేసుకుని, జడలు భుజాల మీంచి ముందుకు వేసుకుని ఉంది. డిగ్రీ పిల్లలెవరూ అలా రారు. బడిపిల్లలా ఉందే అనుకున్నాను. మెడలో ఐడీ కార్డు లేదు.

నంబరు చెప్పమన్నాను. చెప్పింది. మెల్లగా, ఒక్కో అంకె విడివిడిగా, తప్పు పోకుండా చెబుతున్నట్టు చెప్పింది. నేను టైపు చేశాను. స్క్రీన్ మీద హారిక ఫొటో వచ్చింది. ఫొటో చూశాను, ఎదురుగా ఉన్న మొహం చూశాను. ఎడమ కనుబొమ్మ మధ్యలో చిన్నప్పటి దెబ్బ మచ్చ, అక్కడ వెంట్రుకలు మొలవని ఖాళీ, రెండింట్లోనూ ఉంది. మొహం కొంచెం ఉబ్బినట్టుంది తప్ప వేరే తేడా ఏం లేదు.

"మేడం, నా పేరు తీయకండి. నేను వస్తాను" అంది.

అంతే అంది. ఆ గొంతులో బతిమాలడం కూడా లేదు. దూరం నుంచి నడిచి వచ్చి అలిసిపోయినవాళ్లు మాట్లాడినట్టు ఉంది.

నాకు ఒళ్లు మండిపోయింది. డెంగీ అని, సీరియస్ అని చెప్పి పంపించిన పిల్ల ఎదురుగా నిలబడి ఉంది. నన్ను వెర్రిదాన్ని చేశారనుకున్నాను. ఆ కోపంలో నేనన్న మాటలు రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. "చావుబతుకుల్లో ఉన్నానని చెప్పిస్తావా? రోగం పేరు పెట్టి అబద్ధాలాడితే ఆ రోగం నిజంగానే వస్తుంది, చూసుకో. పో అవతలికి."

ఆ పిల్ల నా వైపు చూస్తూ నిలబడింది. నేను మొహం తిప్పుకుని స్క్రీన్ వైపు తిరిగాను. ఆమె రికార్డు తెరిచే ఉంది కదా. అప్పటికప్పుడు పేరు పక్కన 'డిస్‌కంటిన్యూడ్' అని పెట్టి సేవ్ చేశాను. మళ్లీ తల తిప్పేసరికి కౌంటర్ దగ్గర ఎవరూ లేరు. పోయిందిలే అనుకున్నాను. అందులో నాకు వింత ఏమీ కనబడలేదు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కోపం తగ్గలేదు. నాతో అబద్ధం చెప్పిన స్వప్నని వదలకూడదనిపించింది. భోజనాలయ్యాక బీకాం క్లాసుకి వెళ్లాను. కామర్స్ సార్ పాఠం చెబుతున్నారు. ఒక్క నిమిషం సార్ అని లోపలికి వెళ్లి స్వప్నని నిలబడమన్నాను.

"హారిక ఎక్కడుందన్నావ్?"

"దవాఖానల మేడం."

"నేను ఇందాకే చూశాను. కౌంటర్ దగ్గరికి వచ్చి నాతో మాట్లాడి వెళ్లింది. గుండ్రాయిలా ఉంది."

వెనక ఎవరో నవ్వారు. స్వప్న మొహంలో భయం కన్నా అర్థం కాకపోవడం కనబడింది. "నేను నిన్న పొద్దుమీకి పోయి చూసొచ్చిన మేడం. అద్దంలకెళ్లి చూసిన. గామె కండ్లు సుత తెరుస్తలేదు" అంది.

"ఇంకా అదే మాట. మీ ఇళ్లల్లో మీకు నేర్పేది ఇదేనా?"

ఈసారి ఎక్కువమంది నవ్వారు. స్వప్న కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ కింద కూర్చోలేదు. "మా ఇంట్ల వాళ్లనెందుకంటున్నరు మేడం? రాండ్రి, ఇప్పుడే పోదాం. ఆడ హారిక లేకపోతే నా పేరు సుత తీసేయుండ్రి" అంది.

సార్ ఏదో అనబోయారు. నేను "పద" అన్నాను. పిల్లలందరి ముందు పంతం పట్టిన పిల్లకి వాళ్లందరి ముందే బుద్ధి చెప్పాలనుకున్నాను. ఆ మధ్యాహ్నం నేను ఆటో ఎక్కింది జబ్బు మనిషిని చూడడానికి కాదు. ఒక ఆడపిల్లని అబద్ధాలకోరని రుజువు చేయడానికి.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట ఎంతో దూరం లేదు. వాన వల్ల ట్రాఫిక్ కదల్లేదు. ఆటోలో స్వప్న ఒక చివరకి జరిగి కూర్చుని బయటికి చూస్తూ ఉంది. సోమాజిగూడ వైపు తిరిగే దగ్గర ఒక ఆసుపత్రి ముందు దిగాం. దాని పేరు ఇక్కడ అనవసరం. ఆ పిల్ల ఎవర్నీ దారి అడగలేదు. లిఫ్ట్ దగ్గరికి, అక్కణ్ణుంచి ఐసీయూ వైపుకి తిన్నగా నడిచింది. ఆ నడక చూశాకే నాకు మొదటిసారి అనుమానం వచ్చింది.

ఐసీయూ బయట కుర్చీల్లో ఒకామె చీర కొంగు కప్పుకుని కూర్చుని ఉంది. స్వప్నని చూడగానే లేచింది. "మా కాలేజీ మేడం, ఆంటీ" అని మాత్రం చెప్పి స్వప్న పక్కకి తప్పుకుంది. నేనెందుకొచ్చానో చెప్పలేదు.

ఆమె హారిక తల్లి. పేరు రమణమ్మ. రాజమండ్రి వైపు మనిషి. కృష్ణానగర్లో ఒక గది తీసుకుని ఉంటారు. షూటింగుల్లో కాస్ట్యూమ్ విభాగంలో బట్టలకి కుట్లు వేయడం, ఇస్త్రీ చేయడం ఆవిడ పని. భర్త వదిలేసి వెళ్లి చాలాకాలమైంది. మా రికార్డులో ఉన్న ఫోను ఆయనది.

ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. "కాలేజీ నుంచి నా పిల్లని చూడ్డానికొచ్చారా తల్లీ. మీరెంత మంచివారండీ" అంది. పక్క కుర్చీలో ఉన్నవాళ్లతో కూడా చెప్పింది, కాలేజీ మేడం గారు పని మానుకుని వచ్చారని. నేను చేతులు వెనక్కి తీసుకోలేదు. కాదని చెప్పలేదు.

కాసేపటికి నర్సు వచ్చి ఒక్కరే రండి అంది. రమణమ్మ నన్నే వెళ్లమంది. లోపలి దాకా పోనివ్వలేదు, అద్దం దగ్గర ఆపారు.

హారికే. నోట్లో గొట్టం, దాన్ని కదలకుండా బుగ్గల మీద అంటించిన ప్లాస్టర్లు. కళ్లు మూసి ఉన్నాయి. మొహం ఉబ్బి ఉంది. ఎడమ కనుబొమ్మ మధ్యలో ఆ ఖాళీ. జుట్టు రెండు జడలుగా అల్లి, భుజాల మీంచి ముందుకు వేసి ఉంది.

నేను అద్దం మీద చెయ్యి ఆనించాను. నర్సుని ఆ జడల సంగతి ఎందుకడిగానో నాకే తెలియదు. రోజుల తరబడి వెల్లకిలా పడుకున్నవాళ్లకి జుట్టు చిక్కుపడి తల కింద ఒత్తుకోకుండా అలా అల్లుతాం అంది. "మొన్న నేనే వేశాను మేడం." కాలేజీ ఫొటోలో హారికకి ఒక్క జడే. కాలేజీలో ఆ పిల్లని రెండు జడలతో చూసినవాళ్లెవరూ లేరు. నేను తప్ప.

బయటికి వచ్చాక రమణమ్మ పక్కన కూర్చోబెట్టింది. జ్వరం మెదడుకి ఎక్కిందని డాక్టర్లు చెప్పారట. స్పృహ పోయి చాలా రోజులైందట. "ఇవాళ మధ్యాహ్నం ఇంక ఆశ లేదన్నారండీ. భోజనాల వేళకి ముందు. అందర్నీ పిలుచుకోమన్నారు. పిలవడానికి మాకెవరున్నారండీ? నేనొక్కదాన్నే ఇక్కడ కూర్చుని దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. మళ్లీ ఎలాగో నిలబడిందన్నారు."

నేను నేల వైపు చూస్తూ విన్నాను.

"ఒక్క మాట చెప్పండి తల్లీ" అంది. "దాని పేరు కాలేజీలో ఉంటుంది కదా? చిన్నప్పుడు నా పనికోసం దాన్ని ఊళ్లెంట తిప్పాను. రావట్లేదని బడిలో పేరు కొట్టేశారు. ఒక ఏడాది ఊరికే పోయింది. అప్పట్నించీ దానికి అదే బెంగ. జ్వరంలో కూడా 'అమ్మా, నా పేరు తీసేస్తారేమో, వెళ్లి చెప్పిరా' అని ఒకటే గొడవ. నేనెలా వెళ్లనండీ దీన్ని వదిలి?"

"ఉంటుందండీ. ఎక్కడికీ పోదు" అన్నాను. అప్పటికి నేను ఆ పేరు తీసేసి రెండు గంటలు కూడా కాలేదు.

కిందికి దిగాక మెట్ల దగ్గర స్వప్నతో, "నేను నిజంగానే చూశాను" అన్నాను. నా మాట నాకే అబద్ధంలా వినిపించింది. ఆ పిల్ల క్లాసులో నిలబడి చెప్పినప్పుడు తనకి ఎలా ఉండి ఉంటుందో అప్పుడర్థమైంది.

"నాకెట్ల తెలుస్తది మేడం" అంది.

"సారీ అమ్మా."

ఆ పిల్ల "అన్నది క్లాసుల కద మేడం" అంది. అని బస్టాప్ వైపు వెళ్లిపోయింది.

తిరిగి ఆఫీసుకి వచ్చి రికార్డు తెరిచాను. ఎవరు ఏ రికార్డు ఎప్పుడు తెరిచారో మా సిస్టమ్‌లో ఉంటుంది. హారిక పేజీ భోజనాల బెల్లుకి ముందు నా లాగిన్‌తో తెరిచినట్టు, వెంటనే పేరు తీసేసినట్టు ఉంది. నాకు వందల మంది పిల్లల నంబర్లలో ఒక్కటి కూడా కంఠతా రాదు. జాబితా ఆ రోజు నా బల్ల మీద లేదు, ప్రిన్సిపాల్ గారి గదిలో ఉంది. ఆ నంబరు నాకు ఎవరో చెప్పకుండా నేను కొట్టే అవకాశం లేదు. ఇంతకన్నా రుజువు నా దగ్గర లేదు.

ఇంకొకటి ఉండేది. కౌంటర్ పైన కెమెరా ఉంది. కొన్ని రోజులు దాటితే పాత రికార్డింగ్ మీద కొత్తది పడుతుంది. అడిగితే చూపించేవారు. ప్రతిరోజూ అడుగుదామనుకుని వెళ్లి వేరే ఏదో పని అడిగి వచ్చేదాన్ని. అందులో ఎవరూ లేకుండా ఖాళీ గ్రిల్లుతో నేనొక్కదాన్నే అరుస్తూ కనబడితే నేనేమవ్వాలి? పోనీ ఆ పిల్ల కనబడిందే అనుకోండి. దాన్ని నేనేమన్నానో, ఎలా చెయ్యి విసిరి పొమ్మన్నానో కూడా కనబడుతుంది. నాకు రెండోదానికే ఎక్కువ భయమేసింది. చూస్తుండగానే గడువు దాటిపోయింది. నిజం తెలుసుకునే ఒకే ఒక్క దారిని నేను కావాలనే మూసుకున్నాను.

ఆ తర్వాతి వారం కామర్స్ సార్ స్టాఫ్ రూమ్‌లో టీ తాగుతూ నాతో ఒక మాట అన్నారు. "ఆ రోజు మీరు హారికని చూశానంటే నేనూ చూశానని చెబుదామనుకున్నానండీ. మెట్ల మీద ఎదురొచ్చింది. ఏమ్మా ఇన్ని రోజులు రాలేదే అంటే పలకలేదు. వానలో చెప్పుల్లేకుండా తిరుగుతోందేంటా అనుకున్నాను." ఆయనకి హారిక ఆసుపత్రి సంగతి అప్పటికే తెలుసు. మధ్యలో ఒకసారి ఇంటికి పంపించి ఉంటారనుకున్నారట. నేను "అయ్యుంటుంది సార్" అన్నాను.

పేరు మళ్లీ చేర్పించడానికి తిరగాల్సి వచ్చింది. అప్పటికే మార్పు యూనివర్సిటీకి వెళ్లిపోయింది. ఎందుకు తీశారు, ఎందుకు మళ్లీ పెడుతున్నారు అని కారణం రాయమన్నారు. నేను 'సాంకేతిక లోపం' అని రాశాను. పేరు చేరింది. ఒక పిల్ల సంవత్సరం పోకుండా కాపాడారని ప్రిన్సిపాల్ గారు మీటింగులో నన్ను మెచ్చుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

స్వప్నకి క్లాసులో క్షమాపణ చెబుదామని మూడుసార్లు ఆ గుమ్మం దాకా వెళ్లాను. ఒక్కసారి లోపలికి వెళ్లగలిగాను. వెళ్లి, "హారిక ఆసుపత్రిలో ఉన్న మాట నిజమే, అందరూ ప్రార్థించండి" అన్నాను. స్వప్న చెప్పిందే నిజమని, తప్పు నాదని అనలేకపోయాను. నోటిదాకా వచ్చింది. నవ్విన పిల్లల మొహాలు ఎదురుగా కనబడేసరికి మింగేశాను. స్వప్న తలెత్తలేదు. పుస్తకంలో ఏదో రాసుకుంటూ కూర్చుంది.

మా ఆయనకి చెబితే, "ఎవరో పోలికలున్న పిల్లని చూసుంటావు" అన్నారు. ఆ పిల్లకి హారిక నంబరెందుకు, ఆ పేరు తీయొద్దని అడగడమెందుకు అన్నాను. "స్నేహితురాలెవరో తన తరఫున వచ్చి అడిగిందేమో, నువ్వు కంగారులో మొహం సరిగ్గా చూడలేదేమో" అన్నారు. కావచ్చు. ఆ కనుబొమ్మ నాకు కళ్లు మూసుకున్నా కనబడుతుంది. నేను ఆ పిల్లతో ఏమన్నానో మాత్రం ఆయనకి చెప్పలేదు.

హారిక బతికింది. నెమ్మదిగా కోలుకుంది. చలికాలం మొదట్లో ఒక పొద్దున తల్లితో కలిసి కాలేజీకి వచ్చింది. బాగా చిక్కిపోయింది. జుట్టు రాలిపోతోందని పొట్టిగా కత్తిరించారు. స్వప్న చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. రమణమ్మ నా కోసం పూతరేకులు తెచ్చింది. వేలిముద్ర మళ్లీ కొత్తగా తీసుకోవాలి కాబట్టి హారికని నా బల్ల పక్కన కుర్చీలో కూర్చోబెట్టాను. దాని చెయ్యి పట్టుకుని మిషన్ మీద పెట్టాను.

"మేడం, ఒక మాట అడగొచ్చా?" అంది హారిక.

"అడుగమ్మా."

"నేను మధ్యలో ఒకసారి కాలేజీకొచ్చానా?"

నా వేళ్ల కింద దాని వేలు వెచ్చగా ఉంది.

"ఇక్కడికే వచ్చినట్టు గుర్తుంది మేడం. గ్రిల్లు బయట నిలబడ్డాను. మీరేదో గట్టిగా అంటున్నారు. పెదాలు కదులుతున్నాయి గానీ నాకేం వినబడట్లేదు. చాలా ముఖ్యమైన మాట ఏదో చెబుతున్నారనిపించింది. అది వింటే ఇంటికెళ్లిపోవచ్చనిపించింది. అప్పుడు నాకేం చెప్పారు మేడం?"

రమణమ్మ నవ్వి, "జ్వరంలో ఏవేవో కలలండీ దీనికి" అంది.

నేను స్క్రీన్ వైపు చూశాను. "నువ్వు రాలేదమ్మా. కల వచ్చి ఉంటుంది" అన్నాను.

"అంతేనా" అంది హారిక. కొంచెం నిరాశగా ఉన్నట్టనిపించింది.

తలెత్తితే స్వప్న నన్నే చూస్తోంది. ఆ గదిలో ఆ సంగతి తెలిసిన రెండో మనిషి అది. హారిక వచ్చిందని క్లాసంతా వినేలా నేనే కదా చెప్పాను. ఇప్పుడు ఆ పిల్ల ఒక్క మాటంటే చాలు. నేను ఎదురుచూశాను. అంటే బాగుండునని కూడా అనుకున్నాను. స్వప్న "లే హారికా, క్లాసుకి పోదాం" అని దాన్ని లేపింది.

సాయంత్రం గేటు దగ్గర కనబడితే ఆపి, "పొద్దున నువ్వు చెప్పలేదు. థాంక్స్ అమ్మా" అన్నాను.

"మీ కోసం కాదు మేడం" అంది. "మీరు గట్టిగ ఏమో అన్నరని అది చెప్పినప్పుడే నాకు సమజైంది. వచ్చినవ్, మేడం తిట్టి ఎల్లగొట్టింది అంటే అది ఏడుస్తది. ఇప్పుడిప్పుడే మంచిగయితుంది."

బ్యాగు సర్దుకుని మెట్రో మెట్ల వైపు వెళ్లిపోయింది.

ఆ రోజు కౌంటర్ దగ్గరికి వచ్చిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. దేవుణ్ణి అడిగాను, జవాబు రాలేదు. ఆసుపత్రి మంచం మీద కదలలేని పిల్ల పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా చెప్పుల్లేకుండా నడిచి రావడం కుదరదని నాకు తెలుసు. రాలేదని ప్రమాణం చేయమంటే మాత్రం చేయలేను. పూతరేకులు ఇంటికి తీసుకెళ్లాను. మా పిల్లలు తిన్నారు. నేను నోట్లో పెట్టుకోలేకపోయాను.